పదక్షరాలకు మించిన పేరు

కొమరోలులో రక్తపరీక్షల ల్యాబు పెట్టి పద్నాలుగేళ్ళయినా, స్వర్ణలత ఏనాడూ ఒకరి రిపోర్టు ఇంకొకరికి ఇచ్చి ఎరగదు. ఆ మంచి పేరు మొన్న మంటగలిసింది.

రిపోర్టులు ప్రింటు తీసే సాఫ్ట్‌వేరును కంపెనీవాళ్ళు మార్చినప్పటినుంచి, పేరు పది ఇంగ్లీషు అక్షరాలు దాటితే మిగతాది కోసేస్తోంది. మొగుడు వెంకటసుబ్బయ్య, పెళ్ళాం వెంకటసుబ్బులమ్మ, ఇద్దరూ కాగితం మీద ‘వెంకటసుబ్’ అయి కూర్చున్నారు. రిపోర్టులు తారుమారైనాయి. షుగరు ఆమెకు, మాత్రలు మింగింది ఆయన. బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రికి మోసుకుపోయినారు.

స్వర్ణలత కంపెనీకి ఏడోసారి ఫోను చేసింది. ప్రతిసారీ కొత్త గొంతు, మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాల.

“పేర్లు కొంచెం పొట్టిగా కొట్టండి మేడం,” అన్నాడు అవతలి మనిషి.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. “ఏంది నాయనా నువ్వనేది? ఈ పక్క సగం మంది వెంకటసుబ్బయ్యలే, మిగతా సగం వెంకటసుబ్బులమ్మలు. మీ కంప్యూటర్లో పట్టలేదని వాళ్ళను పేర్లు మార్చుకోమనాల్నా? ఒక మనిషి చావుదాకా పోయొచ్చినాడు, తెలుసునా నీకు?”

“ఇంకెవరూ ఫిర్యాదు చేయలేదు మేడం. మీ పేరు చెప్పండి, రాసుకుంటా.”

ఒక్కొక్క అక్షరం విడదీసి, పదకొండు ఇంగ్లీషు అక్షరాలూ చెప్పింది.

ఫోను పక్కన పడేసి, పెన్ను తీసుకుని, ఆ పొద్దటి రిపోర్టులమీద పేర్లు చేత్తో నిండుగా రాయడం మొదలుపెట్టింది. మూడో కాగితం కాడ ఫోనుకు మెసేజీ వచ్చింది.

‘డియర్ స్వర్ణలత్ సార్, మీ సమస్య పరిష్కారమైంది.’