పెద్దవ్వ కలిపిన ఎర్ర పోగు

నయా పైసలు ఇంకా మా చేతులకు అలవాటు కాని ఆ రోజుల్లో, నాకు బుద్ధికన్నా గొంతే ముందు పెరిగింది. ఏడో తరగతి దాకా చదివానన్న పొగరొకటి! సేటు కార్ఖానాలో సాంచె (మరమగ్గాన్ని మేమలాగే అంటాం) మీద తెల్లగుడ్డ నేసేవాణ్ణి. గజానికింత అని కూలి. సాయంత్రం ఆరు దాటాక నేసినదానికి ఒకటిన్నర రెట్లు ఇస్తానని సేటు నోటిమాటగా అన్నాడు. మూడు నెలలైనా ఆ పైకంలో పైసా రాలలేదు. అడిగితే, "గుడ్డ అమ్ముడువోలే, అంత గోదాంలనే మూలుగుతాంది. జర ఆగుండ్రి" అనేవాడు. ఇంట్లో చూస్తే తమ్ముడి మెట్రిక్ పరీక్ష ఫీజుకు శనివారమే ఆఖరు. కట్టకపోతే వాడి ఏడాది గంగలో కలిసినట్టే.

ఇది చాలదన్నట్టు, మా నలుగురు నేతగాళ్లకూ అడ్డపోగు నూలును కండెలకు చుట్టిచ్చే పెద్దవ్వ రోజూ ఆరింటికొకసారి, సాంచెలు ఆపే ముందొకసారి ఎర్ర పోగు కలిసిన కండె అందించేది. తెల్లగుడ్డకు అడ్డంగా ఎర్రగీత! (సేటు కట్టలు లెక్కపెట్టుకుంటాడే గాని విప్పి చూడడు, అదృష్టం.) "కండ్లు కనవడ్తలెవ్వా పెద్దవ్వా? నా గుడ్డంత ఖరాబు జేస్తున్నవ్!" అని కార్ఖానా అదిరేలా అరిచేవాణ్ణి. మిగతా ముగ్గురూ ఆ కండె ఎక్కించుకుని నేసుకుపోయేవారు. ఆమె తలెత్తకుండా రాట్నం తిప్పుకునేది.

నేను పెట్టిన అర్జీకి (మూడు పేజీలు, అందులో రెండు సంబోధనలే) శుక్రవారం లేబరు ఆఫీసరు జీపులో దిగాడు. తీరా ఆయన ఎదుట నా నోట ఆ సంబోధనలే మళ్లీ వచ్చాయి. సేటు చల్లగా, "ఆరు దాటినంక గీ కార్ఖాన్ల ఎవ్వలు నెయ్యలే సారూ" అన్నాడు. అప్పుడు లేచింది పెద్దవ్వ. "గోదాంల గుడ్డ ఇప్పుండ్రి సారూ. ఆరింటికొక ఎర్ర పోగు, సాంచెలు ఆపంగ ఇంకోటి. రెండిటి నడుమ పొడుగుది పగటిది, పొట్టిదంత ఆరు దాటినంక నేసిందే. ఆ కండెలిచ్చింది నేనే." అమ్ముడుపోని గుడ్డంతా అక్కడే ఉంది కదా! ఏ కట్ట విప్పినా అదే వరస. ఆఫీసరు గజంబద్ద తెప్పించి కొలిపించాడు. సేటు ముఖం చూడాలి! పైకం ఇచ్చేదాకా కదలనని ఆఫీసరు కూర్చుంటే, పెట్టె తెరవక తప్పలేదు.

నాకు ఏడుపొచ్చింది. "నాకు ముందుగాల్నే ఎందుకు చెప్పలే పెద్దవ్వా?"

"నీకు చెప్తే పొద్దుగూకేటాల్లకు ఊరంత చాటుదువు బిడ్డా" అని నవ్వింది.

"మరి ఆరు దాటినంక చుట్టిన కండెలకు నీ కూలి?"

"నా కండెలకు గుర్తేడిది కొడుకా? నువ్వు పో, పోరని ఫీజు కట్టిరా."

బయట జీపు కదులుతోంది. ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. "సారూ, ఆగుండ్రి! మేం నేసిన గజం గజం ఆమె చుట్టిన కండెలతోనే!" అని అరిచాను. జీపు ఆగింది. ఆమె కూలి ఆమె కొంగులో పడింది. నేను బతుకంతా అరుస్తూనే ఉన్నాను గాని, పనికొచ్చిన అరుపు అదొక్కటే.