పాలగిన్నె మీద చెక్క గరిటె

తొంభై నాలుగులో పెళ్లై ఆత్మకూరు వచ్చిన కొత్త. ఆ రోజు మావారితో పనిచేసే టీచర్ల భార్యలు ఇంటికొచ్చారు. అదే సమయానికి ఉదయగిరి నుంచి మా నాయన వచ్చాడు. ఆయన చెక్క గరిటెలు చెక్కేవాడు. చొక్కాకు అంటిన చెక్కపొట్టు కూడా దులుపుకోలేదు.

కబుర్లలో పడి నేను టీకి పెట్టిన పాలు పొంగించాను.

"గిన్నె మీద చెక్క గరిటె అడ్డంగా పెట్టమ్మా, అంత తొందరగా పొంగవు" అన్నాడు నాయన గుమ్మంలోంచి.

వాళ్లు మొహమొహాలు చూసుకుని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"వంటింట్లో నీకేం పని నాయనా? పోయి బయట కూర్చో" అని కసిరాను.

వెళ్లేముందు ఆయన ఆ గిన్నె మూతిని జానతో కొలుచుకున్నాడు. ఎందుకని కూడా నేను అడగలేదు.

ఇరవై రోజులకు నాయన గుండెపోటుతో పోయాడు. దినాలయ్యాక అమ్మ నా చేతిలో ఓ గరిటె పెట్టింది.

"నీ గిన్నెకేనంట. మొదట చేసింది పొట్టిదైందని ఇంకోటి చెక్కినాడు. పోయి ఇచ్చి రమ్మంటే, పాప ఇంటికి ఎవురైనా వచ్చుంటారేమోలే, అదే వచ్చినప్పుడు తీసకపోతాది అన్నాడు."

ఇంటికొచ్చి గిన్నె మీద పెట్టి చూశాను. అటూ ఇటూ రెండేసి వేళ్లు మిగిలి, కదలకుండా కూర్చుంది.

ఈ చిట్కా ఎవరు చెప్పారని ఇప్పుడు ఎవరడిగినా, మా నాయన అని గట్టిగా చెబుతాను. ఆ రోజు ఆ నలుగురి ముందు చెప్పాల్సిన మాట అది.