రేపటికల్లా అయిపోతుంది మేడం

ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద పనిచేసే మనిషికి పనీపాటా ఉండదని చిక్కడపల్లిలోని ఆ సందంతా కలిసి ఎప్పుడో తీర్మానించేసింది. గ్యాస్ బండ వస్తే తలుపు తీయాల్సింది నవతే. పక్కింటి కుసుమ ఊరెళ్తూ తాళంచెవి పడేసి పోయేదీ నవత దగ్గరే. "నువ్వు ఇంట్లనే ఉంటవ్ గద" అనే మాట రోజుకు నాలుగుసార్లు వింటే ఎంత ఓర్పున్నవాళ్లకైనా ఒళ్లు మండుతుంది. నవతకు అసలే ఓర్పు తక్కువ.

రెండేళ్ల కిందట, 2010లో, కంపెనీ ఉద్యోగం మానేసి ఇంటర్నెట్లో దొరికే పనులు పట్టుకుంది. వెబ్‌సైట్లు తయారుచేసి ఇస్తుంది. పని తేలికే, చేయించుకునేవాళ్లను మోయడమే కష్టం. సింగపూర్‌లో ఒక టీపొడి వ్యాపారి ఉన్నాడు. సోమవారం రంగు మార్చమంటాడు, మంగళవారం పాతదే బాగుందంటాడు. అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే ఉదయ్ కుమార్ సారుకు ఈమెయిల్ మీద నమ్మకం లేదు. పేజీలన్నీ ప్రింటు తీయించి, ఎర్ర పెన్నుతో దిద్ది, "జర వచ్చి తీస్కపో అమ్మా" అని ఫోన్ చేస్తాడు. తీరా వెళ్లి చూస్తే ఆయన దిద్దిందల్లా ఒక్కటే, తన ఫొటో ఇంకాస్త పెద్దది చేయమని. ఇప్పటికే అది సగం పేజీ ఉంది.

వీళ్లందరిలో మనిషిలాంటి మనిషి మార్గరెట్ ఒక్కతే. ఆమెకు సిడ్నీలో తొమ్మిది పళ్ల ఆస్పత్రులున్నాయి. మొదటిదానికి వెబ్‌సైట్ చెప్పిన రోజుకు చెప్పినట్టు ఇస్తే మిగతా ఎనిమిదీ నీకేనంది. అవి చేతికొస్తే టీపొడి రంగులకూ ఉదయ్ కుమార్ ఫొటోకూ ఒక్కసారే దణ్ణం పెట్టేయొచ్చు. నవత చెప్పిన రోజు శుక్రవారం. రోగులు పేర్లు నమోదు చేసుకునే పేజీ ఒక్కటే మిగిలి ఉంది.

ఆ మంగళవారం పొద్దున అశోక్ నగర్ వెళ్లి ఎర్ర పెన్ను కాగితాలు తెచ్చుకునేసరికి గంట పట్టింది. వచ్చేసరికి తండ్రి జగదీశ్వర్ ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై ఐదేళ్లయింది గానీ కుర్చీలో కూర్చునే తీరు ఇంకా పోలేదు.

"మీ దొరసాని స్కైప్‌ల వచ్చింది బిడ్డా. ఆగకుండ మోగుతుంటే నేనే ఎత్తి మాట్లాడిన" అన్నాడు.

"ఏమన్నది?"

"ఏమంటది? మంచిగున్నరా అన్నది. మంచిగున్నం అన్న."

నవత ఊపిరి పీల్చుకుని పనిలో పడింది. ఒక్క ముక్క మార్గరెట్‌నే అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు.

బుధవారం పొద్దున లేస్తూనే మెయిల్ కనబడింది. 'మీ ఆఫీసులోని పెద్దాయన ఈరోజుకల్లా అంతా సిద్ధమైపోతుందని చెప్పారు. ఆ మాట మీద మా రోగులందరికీ లింకు పంపాను. పొద్దున్నుంచి వాళ్లు ఖాళీ పేజీ చూసి ఫోన్లు చేస్తున్నారు. ఈ ఒక్కటీ పూర్తిచేసి ఇవ్వండి. మిగతావి వేరేవాళ్లకు ఇస్తున్నాను.'

నవత వెంటనే ఫోన్ కలిపి పావుగంట బతిమాలింది. ఆయన ఆఫీసు మనిషి కాదు, మా నాన్న అంది. మార్గరెట్ ఒక్క పరుష మాట అనలేదు. "నేను ఎవరి మాట నమ్మాలో ప్రతిసారీ కనుక్కుంటూ ఉండలేను కదా" అని పెట్టేసింది. ఎనిమిది ఆస్పత్రులు అంత మెత్తగా పోయాయి.

జగదీశ్వర్ వరండాలో పేపర్ చదువుతున్నాడు. నవత వెళ్లి ఎదురుగా నిలబడింది.

"రేపటికల్లా అయిపోతదని చెప్పినవా నాన్నా ఆమెకు?"

"చెప్పిన. ఎప్పుడైతదని అడిగితే నాకు ఎర్క లేదు అంటమా? మర్యాద ఉంటదా? రేపు అయిపోతది మేడం అన్న. ఆమె గూడ మస్తు ఖుష్ అయింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"గదేమన్న చెప్పే ముచ్చటనా?"

రెండేళ్లుగా మింగిన కోపమంతా ఒక్కసారి పైకొచ్చింది. నవత అరిచింది. ఇంట్లో ఉంటే పని లేనట్టు కాదని, తన కాల్ ఎవరుపడితే వాళ్లు ఎత్తి మాట్లాడేది కాదని, ఎనిమిది ఆస్పత్రులు పోయాయని అరిచింది. వంటింట్లోంచి తల్లి కమల వచ్చి, కూతురి మొహం చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

జగదీశ్వర్ తెల్లబోయాడు. "గింత దాన్కి గంత పని చేసిందా ఆమె? నేను మాట్లాడి సమజ్ చేస్త తీయ్."

"ఒద్దు! నువ్వు మాట్లాడింది చాలు." నవతకు ఏడుపొస్తోంది, అదొక కోపం. "ఆఫీసుల గూడ గిట్లనే చెప్తుంటివా అందరికి?"

"అందరం గట్లనే చెప్తుంటిమి. రేపు రాండ్రి, అయిపోతది అని. పాపం, వచ్చిన మనిషి మంచిగ పోతడని."

"మల్ల తెల్లారి వస్తుండిరా వాళ్లు, పని అయిందనుకొని?"

జగదీశ్వర్ పేపర్ మడిచాడు. దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు.

"వస్తుండిరి" అన్నాడు. "పాలమూరు దిక్కు నుంచి గూడ వస్తుండిరి బిడ్డా. తొలి బస్సుకే."