పచ్చదీపం కింద తడిగుడ్డ

కువైట్‌లోని అహ్మదికి వెళ్ళే కంపెనీ బస్సులో, కిటికీ తెరను ఎండకు అడ్డంగా లాగి పట్టుకుని నేను ఆ వార్త చదివాను. యూరప్‌లోని స్టార్టప్‌ల సంగతులు మాత్రమే రాసే ఒక వెబ్‌సైటు అది. ఎవరికి పెట్టుబడి దొరికింది, ఎవరు ఎవరిని కొన్నారు, ఏ కంపెనీ మూతపడింది అన్నవి ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ పరీక్షకు చదివినంత శ్రద్ధగా చదివేదాన్ని. ఆ రోజు వార్త మా గురించే. మా కంపెనీ చేతిపట్టీ కట్టుకున్న కువైట్ కూలీల ఒళ్ళు మండువేసవిలోనూ చల్లగా ఉంటోందని రాశారు. పక్కన మా స్థాపకుడి ఫోటో వేశారు. ఆయన మెడ చుట్టూ ఉన్ని మఫ్లర్ ఉంది.

ఆ వార్త అబద్ధమని నాకు అప్పటికి నాలుగు రోజులుగా తెలుసు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేను. మాది అన్నమయ్య జిల్లా. మా అమ్మ ఇరవై ఏళ్ళుగా సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తోంది. తొలిసారి ఇక్కడికి వచ్చినప్పుడు అరబ్బీలో ఉన్న ఒక కాగితం మీద ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నారు. అందులో ఏముందో ఆమెకు ఈనాటికీ తెలియదు. అందువల్లనేమో, చదవని కాగితం మీద, చదివినా నిజమో కాదో తేల్చుకోని కాగితం మీద సంతకం చేయకూడదన్న పట్టుదల నాకు చిన్ననాడే ఏర్పడింది.

నా ఉద్యోగం రెండు పడవల మీద నడిచేది. ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండి పనిచేసే అనుమతి, అహ్మదిలోని ఒక పంపిణీ కంపెనీ పేరిట ఉంది. చమురు కాంట్రాక్టర్లకు హెల్మెట్లు, సేఫ్టీ బూట్లు అమ్మే కంపెనీ అది. పని మాత్రం ఆ స్టార్టప్‌ది. వాళ్ళ పట్టీ మణికట్టు వేడినీ నాడినీ కొలుస్తుంది. మనిషి బాగుంటే పచ్చదీపం వెలుగుతుంది. ఒళ్ళు ప్రమాదకరంగా వేడెక్కితే దీపం ఎర్రబడుతుంది. అప్పుడు ఆ మనిషి ఏసీ పెట్టిన కంటైనర్ గదిలోకి వెళ్ళి అరగంట కూర్చోవాలి. ముందుగా అమ్ఘరాలో సిమెంటు, ఇనుప ఊచలు అమ్మే ఒక యార్డులో దీన్ని పరీక్షకు పెట్టారు. అక్కడ నెగ్గితే అహ్మది కాంట్రాక్టర్లందరికీ అమ్మవచ్చు, యూరప్‌లో కొత్త పెట్టుబడి తెచ్చుకోవచ్చు. వేసవి మధ్యాహ్నాల్లో ఆరుబయట పని చేయించకూడదన్న నియమం ఇక్కడ ఉన్నమాట నిజమే. కానీ అమ్ఘరాలో ఉదయం ఎనిమిదికే ఊచ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది.

ఆ యార్డు కూలీలకు పట్టీలు పంచింది నేను. వాడే పద్ధతిని తెలుగులో చెప్పింది నేను. ‘మీ పట్టీని పచ్చగా ఉంచుకోండి’ అని వాళ్ళు ఇంగ్లీషులో పంపిన నినాదాన్ని అందమైన అక్షరాలతో రాసి గోడకు అంటించింది కూడా నేనే.

కొన్ని వారాలకు యూరప్ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. పట్టీలు పచ్చగానే ఉన్నాయి, కానీ గంటల తరబడి నాడి అందడం లేదు, దుమ్ము వల్ల కావచ్చు, వెళ్ళి చూడండి అని. ఆ ఖాళీలను ఈలోగా అంచనాలతో పూరిస్తున్నామని కూడా రాశారు. నేను ఒక సంచీ నిండా కొత్త పట్టీలు తీసుకుని అమ్ఘరా వెళ్ళాను.

యార్డులో అందరికంటే పెద్దవాడు జగిత్యాల నుంచి వచ్చిన మనిషి. అందరూ ఆయనను కాకా అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. పట్టీ మార్చడానికి ఆయన చెయ్యి పట్టుకున్నాను. పట్టీ కింద పాత లుంగీ చింపిన గుడ్డ, రెండు చుట్లు, నీళ్ళతో తడిసి ఉంది.

“ఇదేమిటి కాకా?”

“కుండకు తడిగుడ్డ సుడతం గద బిడ్డా. గట్లనే.”

“కుండలో నీళ్ళు చల్లబడటానికి చుడతాం. దీనికెందుకు?”

పక్కన సిమెంటు బస్తా దించుతున్న కుర్రవాడు కిసుక్కున నవ్వాడు. కాకా వాడిని కళ్ళతోనే మందలించి నాతో అన్నాడు. “ఎర్రగైతే ఫోర్‌మన్ ఫోన్ల నా పేరు వడ్తది. గా గదిల కూసున్న అరగంట ఖలాస్, జీతంల కోత. మూడుసార్లు ఎర్రగైందనుకో, ముసలోడు పనికి రాడంటరు. వచ్చే నెల నా ఇఖామా రెన్యూవల్ ఉన్నది. నువ్వే చెప్పు, ఎర్రగైతె ఎట్ల?”

“అందరూ కట్టుకుంటున్నారా?”

“గోడ మీద నువ్వే గద రాసినవు, పచ్చగ ఉంచుకోండని. ఉంచుకున్నం.” తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. “మీ యూరపోళ్ళు పట్టీకి జరం జూస్తరు బిడ్డా, మాకు గాదు. పట్టీ సల్లగనే ఉన్నది. మేమే ఉడుకుతున్నం.”

ఆయన నుదుటి మీద చెమట కూడా లేదు. ఆరిపోయి తెల్లటి ఉప్పు చారలు కట్టింది. ఆయనను ఎలాగో ఒప్పించి నీడకు తీసుకువెళ్ళాను. పది నిమిషాలైనా కూర్చోలేదు. ఫోర్‌మన్ అటు తిరగగానే లేచి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రే యూరప్‌కు సంగతి రాశాను, పేర్లు లేకుండా. జవాబుగా, నాలుగు రోజులకు, బస్సులో నేను చదివిన ఆ వార్త వచ్చింది. దాని వెంటే ఒక పత్రం కూడా పంపారు. క్షేత్ర పరిశీలకురాలిగా, పట్టీల లెక్కలు సరైనవేనని నేను సంతకం చేయాలి. వచ్చే గురువారం పెట్టుబడిదారులతో జరిగే వీడియో సమావేశంలో మూడు నిమిషాలు మాట్లాడాలి. ఏం మాట్లాడాలో కూడా రాసి పంపారు. ‘కార్మికులు సంతోషంగా ఉన్నారు’ అని మొదలవుతుంది. వీడియో ఫోన్ చేసి తడిగుడ్డల సంగతి అడిగితే స్థాపకుడు మర్యాదగానే మాట్లాడాడు. జీతం కోయడం యార్డు వాళ్ళ విధానమని, తమది కేవలం లెక్కలు అందించే కంపెనీ అని, ఈ దశలో చిన్న విషయాలను పెద్దవి చేయవద్దని అన్నాడు. అతను నాకంటే రెండు మూడేళ్ళు పెద్దవాడేమో. గోడ మీద ‘ధైర్యంగా ఉండు’ అని ఇంగ్లీషులో రాసిన బోర్డు అతని వెనుక కనిపించింది.

శుక్రవారం సల్వా వెళ్ళాను. ఆ ఇంటి వెనుక చిన్న గదిలో అమ్మ మంచం మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. జరిగినదంతా చెప్పాను.

“అయితే సంతకం జెయ్,” అంది.

“అబద్ధం అమ్మా అది.”

“యాడ లేదు అబద్ధం? ఇరవై ఏండ్ల నుంచి ఇంటామె అడిగినప్పుడల్లా నేను జైన్ మామా, బాగుండా మామా అంటానే ఉండా. జరం వొచ్చినా జైనే, కాలు బెణికినా జైనే. నాకేమన్నా అయిందా?”

“మోకాళ్ళు చూసుకో.”

అమ్మ నూనె సీసా మూత గట్టిగా బిగించింది. “ఎక్కువ మాట్లాడొద్దు. ఇఖామా పీకేసి విమానం ఎక్కిచ్చినారనుకో, ఊర్లో ఏమని సెప్తావు? యూరప్పోళ్ళతో కొట్లాడొచ్చినా అని సెప్తావా?”

“చెప్తాను.”

“సెప్తాదంట,” అంది గోడ వైపు చూసి. ఆ తర్వాత టీ గ్లాసు నా ముందు పెట్టి అటు తిరిగి కూర్చుంది.

తిరిగి వస్తుంటే ఒక విషయం స్పష్టమైంది. ఎండ అంటే ఏమిటో తెలియక తడిగుడ్డ కట్టుకున్నవాళ్ళు కారు అమ్ఘరా కూలీలు. ‘జైన్ మామా’ అన్న మాటను మా అమ్మ నోటితో అంటుంది, వాళ్ళు మణికట్టుతో అంటున్నారు. అంతే తేడా. ఫోనులో అమ్మ ‘బాగుండా పాపా’ అన్న ప్రతిసారీ నమ్మి నేను చదువుకున్నాను. ఇంకొకరి ‘బాగున్నాను’ కింద సంతకం చేసి పైకి రావడం నాకు చేతకాదు.

కానీ నేను నిజం చెబితే మొదట దెబ్బ తినేది కాకా. అందుకని బుధవారం అమ్ఘరా వెళ్ళి ఆయన్నే అడిగాను.

“చెప్పు,” అన్నాడు కొంతసేపు ఆలోచించి. “కని మా పేర్లు రావద్దు. మేం జేసినమని రావద్దు.”

“రావు. ఒక గుడ్డ ముక్క ఇవ్వు కాకా.”

ఆయన తలపాగా అంచు చింపి ఇచ్చాడు.

గురువారం మాకు ఉదయం పది గంటలు, వాళ్ళకు తొమ్మిది. నేను యార్డు గేటు బయట ఎండలో నిలబడి ఫోను తెరిచాను. పనిచేసేవాళ్ళ ముఖాలు కనబడకుండా ఖాళీ గోడకు వీపు పెట్టి, ఫోనును ఎదుట ఒక డ్రమ్ము మీద ఆనించాను. తెర మీద స్థాపకుడు, ఇద్దరు పెట్టుబడిదారులు ఉన్నారు. ఒకరు నెరిసిన జుట్టున్న ఆవిడ. నా వంతు వచ్చింది. రాసి పంపిన మాటలు చదవలేదు. నా చేతికున్న పట్టీని కెమెరాకు దగ్గరగా చూపాను. పచ్చగా వెలుగుతోంది. నా ముఖం మీద చెమట కారి కళ్ళజోడు జారిపోతుండటం వాళ్ళకు కనబడుతూనే ఉంది. పట్టీ విప్పి, కింద ఉన్న తడిగుడ్డ తీసి చూపించి, అదే పట్టీని ఒట్టి మణికట్టుకు కట్టుకున్నాను. చెయ్యి ఎండలో చాపి ఉంచాను. కొద్ది నిమిషాలు గడిచాయి. దీపం పసుపైంది, ఆ తర్వాత ఎర్రబడింది.

స్థాపకుడు తేరుకుని, ఇలా చేసిన కార్మికులు ఎవరని అడిగాడు.

“చేసింది నేను,” అన్నాను. “మీరు ఇప్పుడే చూశారు. నాకు తెలిసిన పేరు నాదొక్కటే. ఇంకో పేరు అడగవద్దు, చెప్పను.”

అప్పుడు ఆ పెద్దావిడ ఒకే ఒక ప్రశ్న వేసింది. ఎర్రబడితే ఆ మనిషికి ఏమవుతుంది అని. ఆమె అడిగింది స్థాపకుణ్ణి. అది యార్డు విధానమని అతను అంటూ ఉండగానే నేను జవాబు చెప్పాను. “జీతం తెగుతుంది మేడమ్. అందుకే ఎవరూ ఎర్రబడరు.”

మధ్యాహ్నానికల్లా అహ్మదిలో మా మేనేజర్ పిలిచాడు. ఆయన హిందీలో అన్న మాట యథాతథంగా గుర్తుంది. నీ ఇఖామా మా దగ్గర ఉంది, మరిచిపోయావా అన్నాడు.

“మరిచిపోలేదు సార్. దాని మీద ఉన్న పేరే ఆ పత్రం మీద కూడా అడిగారు. అందుకే ఆలోచించవలసి వచ్చింది.”

క్షమాపణ పత్రం రాసి ఇమ్మన్నాడు. ఆయనకూ, సమావేశంలోని ముగ్గురికీ కలిపి ఒక పేజీ రాశాను. ఎక్కడా క్షమించమని అడగలేదు. రెండు కోరికలు పెట్టాను. చల్లగదిలో కూర్చున్న సమయాన్ని పని సమయంగానే లెక్కించాలి. ఫోర్‌మన్ ఫోనుకు ఎంతమంది ఎర్రబడ్డారన్నదే వెళ్ళాలి, పేర్లు వెళ్ళకూడదు. ఉత్తరం చివర ‘విధేయురాలు’ అని పెట్టాలని బడిలో నేర్పారు. పెట్టాను. మళ్ళీ చదివి ఆ మాట కొట్టేసి, పేరు ఉంచాను.

ఆ తర్వాతి వారాలు బాగా గడవలేదు. నన్ను అమ్ఘరా నుంచి తప్పించి, అహ్మది గోదాములో బూట్ల సైజులు సరిచూసే పనిలో వేశారు. పెట్టె తెరిచిన ప్రతిసారీ ఇదే ఆఖరి రోజేమో అనుకునేదాన్ని. అమ్మ రెండు శుక్రవారాలు ముభావంగానే ఉంది. మూడో వారంలో యూరప్ నుంచి కొత్త షరతులు వచ్చాయి, ఆ యార్డుకు మాత్రమే. నా రెండు కోరికలూ వాటిలో ఉన్నాయి. ఆ రెండూ లేకపోతే డబ్బు పెట్టనని పెద్దావిడ అన్నదట. నన్ను పంపేస్తే ఆవిడ మళ్ళీ అడుగుతుందనుకున్నారో ఏమో, నా ఇఖామా జోలికి ఎవరూ రాలేదు. అదే వెబ్‌సైటులో మరో వార్త పడింది. కార్మికుల గొంతు వినాలని తనకు తానే గ్రహించినట్టు స్థాపకుడు చెప్పుకున్నాడు. నా ప్రస్తావన లేదు. బాధ కలగలేదని చెప్పను. కానీ ఆ వార్తలో మొదటిసారి అసలైన లెక్కలు ఉన్నాయి, వాటిలో ఎర్రదీపాలు ఉన్నాయి.

కాకా నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. శుక్రవారం అమ్మకు వినిపించాను.

“బిడ్డా, ఇఖామా ఒచ్చింది. ఇయ్యాల నాది ఎర్రగైంది. గదిల కూసున్న. కాళ్ళు సాపుకొని మరీ కూసున్న. ఫోర్‌మన్ జూసిండు, ఏమనలే.”

అమ్మ ఇంకోసారి పెట్టమంది. విని, “కాళ్ళు సాపుకొన్యాడంట, నవాబు,” అని నవ్వింది. ఇంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది. “జైన్ మామా,” అంటూ మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. ఆమెకు చల్లగది రాసిచ్చే షరతు ఏ కంపెనీ చేతిలోనూ లేదు.

ఇప్పుడు అహ్మది కాంట్రాక్టర్లతో ఒప్పందాలు మొదలయ్యాయి. ముసాయిదాలు అక్షరదోషాలు చూడటానికి గోదాములో ఉన్న నా దగ్గరకే వస్తాయి, ఎందుకంటే ఈ ఆఫీసులో ప్రతి పంక్తీ చదివేది నేనొక్కదాన్నే. వాటిలో ఆ రెండు షరతులు లేవు. వాటిని చేర్చి పంపాను. కొట్టేసి తిప్పి పంపారు. మళ్ళీ చేర్చాను. నిన్న మూడోసారి కొట్టేశారు. ఈ ఉదయం బస్సులో కిటికీ తెర లాగి, ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఒక్క మాట కూడా మార్చకుండా నాలుగోసారి రాశాను.