గుడివాడ అంబాసిడర్, నేను తప్పుపట్టిన ఇంజిన్

పాత అంబాసిడర్ ఒకటి కొనాలని నాకు చాలాకాలంగా కోరిక. ఇంజిన్ సామాను మొదటి నుంచీ ఉన్నదే అయితే తప్ప కొనకూడదని పంతం కూడా. గుడివాడలో అలాంటి కారు ఉందని తెలిసి, మొన్న శనివారం ఉదయం ఆరున్నరకి విజయవాడలో మచిలీపట్నం బస్సెక్కాను. పామర్రులో దిగి ఇంకో బస్సు పట్టుకుంటే తొమ్మిదిలోపే గుడివాడ చేరాను.

కారు యజమాని సుబ్బారావు గారు ముప్పై ఏళ్లు దాన్ని టాక్సీగా తిప్పారు. ఏటా మాఘ పౌర్ణమికి దివిసీమలోని హంసలదీవికి సముద్రస్నానాలకు జనాన్ని తీసుకెళ్లేవారట. కారు ఉన్న షెడ్డు అద్దెది, ఆ రోజే ఖాళీ చేయాలి. తుక్కుకి వేయడం ఇష్టం లేక, నడుపుకునేవాడికే ఇద్దామని నా కోసం ఆగారు. నేను చూసుకోవడానికి ఇంజిన్ విప్పించి, సామానంతా పట్టా మీద పరిచి ఉంచారు.

ఇంజిన్ నంబరు ఆర్సీతో సరిపోయింది. కానీ పిస్టన్లకు బిగించే కనెక్టింగ్ రాడ్లలో ఒకదాని మీద సుత్తితో కొట్టిన చుక్క ఒకటి, ఇంకోదాని మీద మూడు కనిపించాయి. ఫ్యాక్టరీలో అలా కొట్టరని వీడియోల్లో చూసిన పాండిత్యం నాది. ఆ రెంటికీ ఫోటోలు తీసుకున్నాను.

"ఇవి వేరే బండ్లవండీ. ఒక్కో బండిలోది ఒక్కోటి తెచ్చి కలిపారు," అన్నాను.

"ఒక్కటీ మార్చలేదండీ. బందరులో మెకానిక్ మస్తాన్ గారు తప్ప ఈ ఇంజిన్ ఎవరూ ముట్టుకోలేదు. కావాలంటే ఆయన్నే అడగండి."

"అడిగేదేముందండీ, కనిపిస్తూనే ఉందిగా. ఇది తుక్కుకే పనికొస్తుంది."

ఆయన చేతిలో ఉన్న రాడ్డును గుడ్డతో తుడిచి పట్టా మీద పెట్టేశారు.

బయటికి వచ్చాక నాకే మనసొప్పలేదు. పదిన్నరకి బందరు, అదే మచిలీపట్నం, బస్సెక్కాను. గుడ్లవల్లేరు మీదుగా గంటన్నర ప్రయాణం, టికెట్టు అరవైలోపే. మస్తాన్ గారి వర్క్‌షాపు బస్టాండులో ఎవరినడిగినా చెప్పారు. ఆయన కళ్లజోడు పైకెత్తి ఫోనులో ఫోటోలు చూశారు.

"ఇది నా చేతి పనే బాబూ. ఒక రాడ్డు అడుగున బిగించే క్యాపు ఇంకో రాడ్డుకి బిగిస్తే ఇంజిన్ పట్టేసుద్ది. అందుకే విప్పేటప్పుడు ఒకటోదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు, అట్టా కొట్టుకుంటాం. మిగతా రెండూ చూశావా?"

"చూడలేదండీ."

"చూస్తే రెండు, నాలుగు ఉంటాయి. సామానంతా కంపెనీదే. నేనేదీ మార్చలా."

అక్కడి నుంచే సుబ్బారావు గారికి ఫోను చేశాను. తప్పు నాదేనని, కారు నేనే తీసుకుంటానని చెప్పాను.

"మీరే కదండీ తుక్కన్నారు. మీరటు వెళ్లగానే తుక్కు కొనేవాళ్లని పిలిచేశాను. ఇంజిన్ బ్లాకు పగలగొట్టి పట్టుకెళ్లారండీ." ఆ గొంతులో కోపం లేదు. "మస్తాన్ గారు బాగున్నారా?" అని అడిగారు.

క్షమించమన్నాను. పర్లేదండీ అన్నారు. నాలుగు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ముప్పై ఏళ్లు ఆ బండితో బతికిన మనిషి మాట కన్నా నా ఫోనులో వీడియోనే ఎక్కువనుకున్నాను. ఈ వైపు పాత కారు చూడ్డానికి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ముందు ఆ ఇంజిన్‌ని విప్పి బిగించిన మెకానిక్ దగ్గరికి వెళ్లండి, యజమాని దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు. రెండు ఊళ్ల మధ్య గంటన్నరే దూరం. నేను ముందు గుడివాడలో దిగాను.