అత్తమ్మకు అందిన కరోనా సాయం

అత్తమ్మ బొటనవేలిని రెండోసారి నాలుకకు అద్దుకుంది. అప్పటికే ఆ వేలు మినీ బ్యాంకులోని వేలిముద్ర మిషన్ మీద ఒకసారి ఆనింది. పొద్దుటి నుంచి ఆ మిషన్ మీద ఎన్ని ఊళ్లవాళ్లు వేలు పెట్టారో ఎవరికీ తెలియదు.

లాక్‌డౌన్ మొదలైన కొత్తలో, కష్టకాలంలో రైతులను ఆదుకోవడానికి ప్రభుత్వం ఖాతాల్లో రెండు వేలు వేసింది. ఎవరూ బయటికి రావద్దనీ చెప్పింది. ఇంట్లో కూర్చుని ఆ డబ్బు ఎలా తీసుకోవాలో మాత్రం చెప్పలేదు. ఆ ఒక్కటీ రైతుల తెలివికి వదిలేసినట్టుంది.

మామయ్య పోయాక పొలం అత్తమ్మ పేరు మీదికి వచ్చింది, కాబట్టి సాయమూ ఆమెకే. ఆమెకు తొందరేం లేదు. తొందరపడింది నేను. సాయంత్రంలోగా తీసుకోకపోతే డబ్బు వెనక్కి పోతుందని ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. డిగ్రీ చదివినదాన్ని కదా, చివరిదాకా చదివి మరీ నమ్మాను. గంటకోసారి పిల్లల చేతులు కడిగించే నేనే, అత్తమ్మను స్కూటీ మీద ఎక్కించుకుని తాండూరు తీసుకెళ్లాను.

అక్కడ భౌతిక దూరం చక్కగా పాటిస్తున్నారు. సున్నంతో గీసిన ఒక్కో గడిలో ఒక్కో జత చెప్పులు బుద్ధిగా నిలబడ్డాయి. వాటి సొంతదారులంతా పక్కనే రేకుల నీడలో ఒకరినొకరు ఆనుకుని కూర్చుని, ఈసారి కందులు ఎవరు కొంటారని మాట్లాడుకుంటున్నారు. ఒకాయన దగ్గుతుంటే పక్కనున్నామె వీపు నిమిరింది. మేమూ చెప్పులు విడిచి ఆ నీడలోకే వెళ్లాం.

మా వంతు వచ్చింది. ఏళ్ల తరబడి కంది కోసి, కలుపు తీసి అరిగిన వేలు. మిషన్ గుర్తుపట్టలేదు.

"వేలు పడ్తలేదవ్వా. జర గట్టిగ ఒత్తు," అన్నాడు కౌంటర్లో కూర్చున్నాయన.

"ఒత్తుతనే ఉన్న గద కొడుకా. ఇంకింత ఒత్తితే నీ డబ్బ పగులుతది."

రేషన్ షాపులో అలవాటైన పద్ధతే. నాలుకకు అద్దడం, మిషన్ మీద ఒత్తడం, మళ్లీ నాలుకకు.

"అత్తమ్మా, వేలు నోట్లె పెట్టకు."

"నువ్వూకో పిల్ల. తడి చెయ్యకుంటె నేను నేనే కాదంటది గిది."

శానిటైజర్ సీసా ఇవ్వమని అడిగాను. "గది రాస్తె వేలు అస్సలే పడదక్కా," అని, ఆయన తన చేతులకు మాత్రం శుభ్రంగా రాసుకున్నాడు.

నాలుగోసారి ఒత్తాక ప్రభుత్వ సాయం అందింది.

ఇంటికొచ్చి, అత్తమ్మను వాకిట్లోనే కూర్చోబెట్టి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. పరీక్ష కావాలంటే వికారాబాద్ రమ్మన్నారు. బస్సులు లేవు కదా, స్కూటీ మీద అంత దూరం ఎలా అంటే, దగ్గూ జ్వరం లేకపోతే పరీక్షే అక్కర్లేదన్నారు. అలా రెండు సమస్యలూ ఒక్క మాటతో తీరిపోయాయి. సాయంత్రం వార్తల్లో, డబ్బు ఎక్కడికీ పోదని, ఎప్పుడైనా తీసుకోవచ్చని, తొందరపడవద్దని నవ్వుతూ చెప్పారు.

మా చిన్నది నాయినమ్మ చేతి ముద్ద లేనిదే తినదు, ఆమె పక్కన తప్ప పడుకోదు. అయినా, ఆ వేలు నోట్లో పెట్టుకుంది కాబట్టి, పద్నాలుగు రోజులు పిల్లలను ముట్టుకోవద్దని అత్తమ్మకు చెప్పాను.

"నాకు రోగం అంటినట్టే మాట్లాడ్తున్నవు," అంది. తన చాప, దుప్పటి తీసుకుని పశువుల కొట్టంలోకి నడిచింది. "పిల్లలకు నువ్వే చెప్పుకో. నేనైతె చెప్ప."

పొద్దున లేవగానే చిన్నది కొట్టం వైపు పరుగు తీసింది. రెక్క పట్టుకుని ఆపాను. నాయినమ్మ మన మీద అలిగిందా అని పెద్దవాడు అడిగాడు. అత్తమ్మకు వినబడేలా చెప్పాను:

"అలగలే. నాయినమ్మను జనంలకు తోల్కపోయింది నేను. తప్పు నాది. పద్నాలుగు రోజులు మీరు గడప దాటొద్దు, ఆమెకు బువ్వ నేనే పెడ్త. ఏడిస్తె నా మీద ఏడ్వుండ్రి, ఆమె మీద కాదు."