ఆఖరి లారీకి ఐసేదండీ?

కామా ఒకటి మరిచిపోతే కొంపంటుకున్నట్టు ఎర్రక్షరాలతో అరిచే కంప్యూటరు, ఒక నిలువెత్తు లారీని మింగేసి గుటక చప్పుడైనా రానివ్వలేదంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండు వేల దశకం చివర్లో గుండుగొలనులో ఒక చేపల షావుకారు దగ్గర ప్రోగ్రాములు రాసేవాణ్ణి. పొద్దున్నే ఏ లారీకి ఎంత ఐసు ఎక్కించాలో చీటీ తీయడం నా పని. లారీల వరస ఒకటి, ఐసు వరస ఒకటి. రెంటినీ జిప్ అనే ఆజ్ఞ చేతికిస్తే మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది జత కలిపేస్తుంది. ఏ పురోహితుడూ అంత చురుగ్గా ముడి వేయించలేడు.

అయితే మా వైపు మొదటి లారీ చేప తాడేపల్లిగూడెం మార్కెట్టుకి అప్పటికప్పుడు పోతుంది. దానికి ఐసు వెయ్యరు. అందుకని నా ప్రోగ్రాము మొదటిసారి నడిపిన రోజున ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా రెండో లారీ నుంచే రాసి పంపాడు. ఇది ఉయ్యాల్లో బిడ్డకి కూడా తెలిసిన సంగతి గనక నాకెవరూ చెప్పలేదు. జిప్పుగారు రెండోదాని ఐసు మొదటిదానికి, మూడోదాని ఐసు రెండోదానికి కట్టబెట్టుకుంటూ పోయి, ఐసు వరస అయిపోగానే ఆఖరి లారీని చీటీలోంచే ఎత్తేసి చేతులు దులుపుకున్నారు. ప్యాంటు జిప్పు నయం, పన్ను ఊడితే నలుగురిలో పరువు తీసైనా చెబుతుంది!

ఆ ఆఖరి లారీ కొల్లేటికోటలో చెరువున్న ఒకావిడ చేప కోసం. చీటీలో లేదు గనక ఐసు లేకుండా ఖాళీగానే పంపేశారు. అక్కడ అప్పటికే వల లాగేశారు. ఎండెక్కితే ఏడాది పెంపకమంతా గట్టు మీద కుళ్ళిపోవడమే.

"ఏవండీ, చేప మీద ఏం కప్పమంటారండీ, దుప్పటా?" అని ఫోన్లో ఆవిడ.

గుమాస్తాని అడిగి అసలు సంగతి తెలుసుకుని, స్కూటరు మీద విమానంలా లేచాను. మొదటి లారీ ఇంకా చేప ఎక్కించుకోకుండానే టీకొట్టు దగ్గర ఐసు నీళ్ళు కారుస్తూ నిలబడుంది.

"మార్కెట్టు చేపకి ఐసేంటయ్యా?" అని డ్రైవరు మీద అరిచాను.

"నేనూ అదే అనుకున్నానండీ. కంప్యూటరు కదండీ, దానికేదో తెలిసే ఉంటుందని..."

"అడగొచ్చుగా!"

"బావుండదు కదండీ."

మర్యాదస్తుల మధ్య చేరి మిషను కూడా మాట్లాడకపోవడం నేర్చుకుందన్నమాట!

ఆ లారీని అటునుంచటే కొల్లేటికోటకి తోలించి, వెనకే నేనూ వెళ్ళాను. చేప దక్కింది. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసి, "మీ మిషను పెళ్ళిలో వడ్డిస్తే కూర తగ్గిందని చెప్పదండీ, ఆఖరి పంక్తిని లేపి ఇంటికి పంపేస్తుంది" అంది.

మర్నాటి నుంచి మొదటి లారీకి ఎదురుగా 'సున్నా ఐసు' అని రాయించాను. వరసలు సరిపోకపోతే చీటీ రాకుండా కంప్యూటరు కూత పెట్టేలా చేశాను. ఆ కూతకి కొల్లేటి కొంగలన్నీ లేచేవి.

అయినా ఆవిడ మళ్ళీ వల వేసిన రోజున చీటీ వైపు చూడనైనా లేదు. లారీతో పాటే ఫ్యాక్టరీకొచ్చి, ఐసు దిమ్మ మీద చెయ్యేసి నిలబడింది.